మీగడ తీసిన బడులు

ప్రతిభ గల పిల్లలను మామూలు బడుల నుంచి ఏరి, వేరే బడుల్లో పెట్టి చదివించాలన్న వాదన మన దేశంలో కొత్తది కాదు. పాతబడిపోయినందువల్లనే దానిని వాదనగా చూడడం అందరూ మానేశారు. తెలివిగల పిల్లవాడు ఊరి బడి విడిచిపోవలసినవాడేనని తండ్రి అనుకుంటాడు, ఉపాధ్యాయుడు అనుకుంటాడు, ప్రభుత్వం అనుకుంటుంది. విచారించవలసిన విషయమేమంటే, అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో చాలామంది కూడా అలాగే అనుకుంటున్నారు. తరగతిలో ఒక పిల్లవాడికి ప్రవేశ పరీక్షలో సీటు వస్తే బడంతా మిఠాయి పంచుతాం. సీటు రాని తక్కిన ముప్ఫైతొమ్మిది మంది సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాదు.

ఆ ముప్ఫైతొమ్మిది మంది తరఫున మాట్లాడవలసిన అవసరం వున్నది. సీటు వచ్చిన ఆ ఒక్కడి తరఫున కూడా మాట్లాడవలసిన అవసరం వున్నది. చురుకైన పిల్లలకు కావలసిన చదువు ప్రతి ఊరి బడిలో, ప్రతి తరగతిలో, ప్రతి రోజూ దొరకాలి. దానిని తీసుకుపోయి ఒక ప్రహరీగోడ వెనుక దాచిన నాడే ఊరి బడికి అన్యాయం మొదలవుతుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఈ ఒక్కమాటే.

ఎదుటి పక్షం వాదనను ముందుగా న్యాయంగా చెప్పుకోవాలి. వారనేది ఇది: పిల్లలందరూ ఒకే వేగంతో నేర్చుకోలేరు. పది నిమిషాల్లో గ్రహించిన లెక్కను తక్కినవాళ్ళ కోసం మూడు రోజులు వింటూ కూర్చుంటే చురుకైనవాడి చురుకు మొద్దుబారుతుంది. మనది బీదదేశం. అన్ని బడులనూ ఒక్కసారిగా బాగుచేయలేము గనుక, కొన్ని మంచి బడులు పెట్టి తెలివిగల బీదపిల్లలను వాటిలో చేర్చుకుంటే కనీసం వాళ్ళయినా పైకి వస్తారు. దేశానికి శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, డాక్టర్లు దొరుకుతారు.

ఈ వాదనలో మొదటి సగం నిజం. చురుకైన పిల్లవాడికి చురుకైన చదువు కావాలి, సందేహం లేదు. కాని అందులోంచి, వాణ్ణి తోటివాళ్ళ నుంచి విడదీయాలన్న రెండో సగం ఎలా పుట్టుకొచ్చింది? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాలంటే వాణ్ణి ఊరు దాటించాలా? ఊళ్ళో వంట చేయకూడదని ముందే నిశ్చయించుకున్నవాడు మాత్రమే అలా మాట్లాడగలడు.

జల్లెడ ఎక్కడ పుట్టింది?

పిల్లల తెలివిని కొలిచే పరీక్షలకు ఆద్యుడు ఫ్రాన్సుదేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ బినే. 1905లో తన సహచరుడు సిమోన్‌తో కలిసి ఆయన తయారుచేసిన పరీక్ష ఉద్దేశం, మామూలు తరగతిలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి వాళ్ళకు తగిన సాయం అందించడం. తెలివి పుట్టుకతో నుదుట రాసిన రాత అనీ, దానిని మార్చలేమనీ అనేవారిని బినే స్వయంగా ఖండించాడు. కాని ఆయన చేతిలో కొలతగా వున్నది సముద్రం దాటేసరికి జల్లెడ అయింది. అమెరికాలో లూయీ టెర్మన్ 1916లో ఆ పరీక్షను తిరగరాశాడు. 1921లో కాలిఫోర్నియా బడులను జల్లెడపట్టి, సుమారు 1500 మంది అసాధారణ ప్రతిభావంతులను ఏరి, వారి జీవితాలను దశాబ్దాల తరబడి గమనించే పని మొదలుపెట్టాడు. ఆ పరీక్షలో నెగ్గని పిల్లల్లో విలియం షాక్లీ, లూయీ ఆల్వారెజ్ అనే ఇద్దరు వున్నారు. షాక్లీకి 1956లోను, ఆల్వారెజ్‌కు 1968లోను భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. టెర్మన్ ఏరుకున్న 1500 మందిలో ఒక్కరికీ రాలేదు. నోబెల్ బహుమతి ఒక్కటే ప్రతిభకు కొలమానమని మనం అనం. కాని జల్లెడ నమ్మకస్తుల కొలమానం అదే గనుక, వాళ్ళ కొలతతోనే వాళ్ళ జల్లెడను కొలిచాం.

ఇంగ్లాండులో ఇది ఇంకా పెద్దయెత్తున జరిగింది. 1944 విద్యాచట్టం తరువాత పదకొండేళ్ళ వయసులో పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గిన కొద్దిమందిని గ్రామర్ స్కూళ్ళకు, మిగిలినవాళ్ళలో అత్యధికులను సెకండరీ మోడరన్ స్కూళ్ళకు పంపించారు. పేరుకు ప్రతిభ, ఆచరణలో మధ్యతరగతి పిల్లలు ఒకవైపు, కార్మికుల పిల్లలు రెండోవైపు తేలారు. ఈ పద్ధతికి శాస్త్రీయమైన అండగా సిరిల్ బర్ట్ పరిశోధనలను చూపేవారు. తెలివి వంశపారంపర్యమని నిరూపించడానికి బర్ట్ చూపిన కవల పిల్లల లెక్కలు నమ్మదగినవి కావని 1970లలో బయటపడింది. అప్పటికే లక్షలాది పిల్లల బతుకులు పదకొండో ఏట తీర్పు పొందాయి. 1965లో లేబర్ ప్రభుత్వం ఈ విభజనను విడిచిపెట్టి అందరికీ ఒకే రకపు ఉన్నత పాఠశాలలు పెట్టాలని స్థానిక సంస్థలను కోరింది. చాలా ప్రాంతాల్లో ఆ పరీక్ష పోయింది; కొన్ని ప్రాంతాల్లో గ్రామర్ స్కూళ్ళు ఇంకా వున్నాయి, అక్కడ ట్యూషన్ల వ్యాపారమూ వున్నది.

మన ఇంటి సంగతే చూద్దాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారి గాని గట్టెక్కలేదు. వైద్య రసాయన శాస్త్రంలో ఆ తరువాత ఆయన సాధించినది ప్రపంచానికి తెలుసు. కుంభకోణంలో మామూలు బడిలో చదివిన శ్రీనివాస రామానుజన్ కళాశాలలో లెక్కలు తప్ప తక్కిన పాఠాల్లో తప్పి ఉపకారవేతనం పోగొట్టుకున్నాడు. వీరిద్దరిలో ఎవరికి ఏ వయసులో ఏ పరీక్ష పెడితే ఏ ముద్ర పడేదో ఊహించుకోవచ్చు. ప్రతిభ తనకు తోచిన వేళకు, తనకు తోచిన దారిలో బయటపడుతుంది. రెండు గంటల పరీక్షకు అది హాజరు కావాలని ఎక్కడా రాసిలేదు.

రెండు గంటలు, 80 ప్రశ్నలు, 80 సీట్లు

ఇప్పుడు మన దేశపు కథ. 1964లో దౌలత్‌సింగ్ కొఠారీ అధ్యక్షతన నియమించిన విద్యా కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. ధనికుడి బిడ్డకొక బడి, బీదవాడి బిడ్డకొక బడి వుండకూడదనీ, ఇరుగుపొరుగు పిల్లలందరూ చదివే ఉమ్మడి పాఠశాల విధానం రావాలనీ ఆ కమిషన్ చెప్పింది. 1968 జాతీయ విద్యావిధానం ఆ మాటను ఒప్పుకున్నది. ఒప్పుకోవడం వరకే జరిగింది.

ఆ లోపల మరో దారి తెరిచారు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో, ఆ మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్ళిలో ప్రభుత్వ గురుకుల పాఠశాలలు వెలిశాయి. పల్లెల్లోని తెలివిగల బీదపిల్లలకు మంచి చదువు చెప్పడం వాటి ఆశయం. వాటి వెనుక వున్న పి. వి. నరసింహారావుగారే 1986లో కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా వుండగా కొత్త జాతీయ విద్యావిధానం వచ్చింది. అదే నమూనాలో దేశమంతటా జిల్లాకొకటి చొప్పున నవోదయ విద్యాలయాలు పెట్టాలని నిర్ణయించింది. ఇవి తమ విద్యార్థుల కోసం మాత్రమే కాదనీ, చుట్టుపక్కల బడులన్నింటికీ దారి చూపి వాటిని బాగుచేయడానికి తోడ్పడతాయనీ ఆనాడు హామీ ఇచ్చారు.

ఉపాధ్యాయ మిత్రులు ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పుకోండి: దాదాపు నాలుగు దశాబ్దాల్లో మీ జిల్లా నవోదయ మీ బడికి ఏ దారి చూపింది? దాని ప్రయోగశాలలో మీ పిల్లలు ఎన్నిసార్లు అడుగుపెట్టారు? దాని గ్రంథాలయం నుంచి మీ ఊరికి ఎన్ని పుస్తకాలు వచ్చాయి? అక్కడి ఉపాధ్యాయులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు తమ బడిలో తమ పని శ్రద్ధగా చేస్తున్నారు. తప్పు ఏర్పాటులో వున్నది. దీపం వెలిగించి, దాని మీద కుండ బోర్లించి, ఊరంతా వెలుగు వస్తుందన్నారు.

ఏరివేత ఎలా జరుగుతున్నదో చూడండి. అయిదో తరగతి చదివే పిల్లవాడు రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి: మానసిక సామర్థ్యానికి 40, అంకగణితానికి 20, భాషకు 20. ఒక విద్యాలయంలో ఆరో తరగతికి తీసుకునేది ఎక్కువలో ఎక్కువ 80 మందిని. ఒక జిల్లాలో అయిదో తరగతి పిల్లలు 20,000 మంది వున్నారనుకుందాం. ప్రతిభావంతులు నూటికి అయిదుగురే అని జల్లెడ పక్షంవారు అంటే, సరే, అలాగే ఒప్పుకుందాం. 1000 మంది ప్రతిభావంతులు తేలారు. 80 మందికి సీటు. 920 మందికి మళ్ళీ ఊరి బడే. అంటే వారి లెక్కలోనే, వారి మాటలోనే, ప్రతిభ గల పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వారి పథకం బయటనే వుండిపోయారు. ప్రతిభను కాపాడడానికి పెట్టిన పథకం ప్రతిభావంతుల్లో పదోవంతుకైనా చాలకపోతే, దానిని పథకం అనాలా, ప్రదర్శన అనాలా?

ఆ 80 మందైనా నిజంగా ఎవరు? పల్లె పిల్లలకు నూటికి 75 సీట్లు కేటాయించడం మంచిదే. కాని పరీక్ష అన్నది ఒకటి పెట్టిన తరువాత దాని పక్కనే కోచింగ్ కొట్టు వెలుస్తుంది. చిన్న చిన్న పట్టణాల్లో నవోదయ, గురుకుల ప్రవేశ పరీక్షలకు తర్ఫీదు ఇస్తామన్న బోర్డులు చూడనివారెవరు? తెలంగాణలో గురుకులాల అయిదో తరగతి ప్రవేశానికి నాలుగో తరగతి పిల్లలు పరీక్ష రాస్తున్నారు. తొమ్మిదేళ్ళ పసివాడు! రుసుము కట్టగలిగిన తండ్రి బిడ్డ ఆ 80 ప్రశ్నల వంటివి ఏడాదిపాటు సాధన చేసి వస్తాడు. పత్తిచేలో తల్లికి సాయం చేసి వచ్చిన పిల్ల ఆ రకపు ప్రశ్నను మొదటిసారి పరీక్ష హాలులోనే చూస్తుంది. ఇద్దరికీ ఒకే గడియారం, ఒకే కాగితం. దీనికి పెట్టిన పేరు ప్రతిభ!

2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలను జల్లెడపట్టడాన్ని నిషేధించింది. పార్లమెంటు తప్పన్న పనిని ప్రభుత్వం తన సొంత బడుల్లో ప్రత్యేక కోవ పేరుతో కొనసాగిస్తున్నది. 2022లో మళ్ళీ అదే మంత్రం: 14,500 బడులను ఆదర్శ పాఠశాలలుగా తీర్చిదిద్దుతామన్న పీఎం శ్రీ పథకం. దేశంలో బడులు 14 లక్షలకు పైగా వున్నాయి. నూటికి ఒకటి ఆదర్శం. తొంభైతొమ్మిది ఆ ఆదర్శాన్ని దూరం నుంచి చూసి తరించాలి కాబోలు. 2024–25 ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఒక్క ఉపాధ్యాయుడితో నడిచే బడులు లక్షకు పైగా వున్నాయి. ఆ లక్ష బడుల్లో ప్రతిభ పుట్టదని ఎవరు తేల్చారు?

మీగడ తీసిన తరువాత

ఊరి బడి నుంచి ప్రతి ఏటా ఒకరిద్దరిని తీసుకుపోతే ఏమవుతుందని అడిగేవారున్నారు. తరగతి గదిలో చదువు చెప్పినవారెవరూ ఆ ప్రశ్న అడగరు.

తరగతిలో ప్రశ్న అడిగే పిల్లవాడు ఒకడుంటాడు. మాస్టారు తప్పు లెక్క వేస్తే లేచి చెప్పే పిల్ల ఒకతె వుంటుంది. వాళ్ళ వల్ల మాస్టారు ముందురోజు రాత్రి పాఠం చూసుకుని వస్తాడు. పక్కవాడి పలక చూసి నేర్చుకునే చదువు మాస్టారు చెప్పే చదువుకన్నా తక్కువదేమీ కాదు. తన ఈడువాడు తన మాటలో చెప్పిన భిన్నాల లెక్క చాలాసార్లు పెద్దవాడి మాటకన్నా బాగా తలకెక్కుతుంది. చెప్పినవాడికీ ఆ లెక్క మరింత తెలిసివస్తుంది. ఆ ఇద్దరినీ తీసుకుపోయిన తరువాత తరగతిలో మిగిలేది మౌనం. మాస్టారి ఉత్సాహం సన్నగిలుతుంది. ‘తెలివిగలవాళ్ళు వెళ్ళిపోయారు, మిగిలింది వీళ్ళు’ అన్న మాట ఉపాధ్యాయుల గదిలో వినబడుతుంది; గోడలు దాటి పిల్లల చెవినా పడుతుంది. మీగడ తీసిన పాలకు ధర తక్కువని పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

పిల్లవాడితోపాటు ఇంకొకరు కూడా బడి విడిచిపోతారు: వాడి తండ్రి. తహసీల్దారుకు అర్జీ రాయగలవాడు, మరుగుదొడ్డికి నీళ్ళు లేవని కమిటీ సమావేశంలో నిలదీయగలవాడు తన బిడ్డకు సీటు వచ్చిన మరుక్షణం ఊరి బడి వైపు చూడడం మానేస్తాడు. ఆస్తిపరులు ముందే ప్రయివేటు బడికి పోయారు. ఇప్పుడు నోరున్న బీదవాడూ పోయాడు. మిగిలినవాళ్ళ బిడ్డల బడి గోడ కూలితే అడిగేవాడు లేడు. ఆ తరువాత వచ్చేది మనకు తెలిసినదే: పిల్లల సంఖ్య తగ్గింది గనుక హేతుబద్ధీకరణ అంటారు, ఉపాధ్యాయుణ్ణి మరో బడికి మారుస్తారు, ఉన్న బడిని ఇంకో ఊరి బడిలో కలుపుతారు. కాలువ మొదట్లో తూములు పెట్టి నీళ్ళన్నీ తోడుకుని, శివారు మళ్ళు ఎండినందుకు శివారు రైతును సోమరి అనడం వంటిదే ఇది.

ప్రభుత్వం వేసిన ఈ బాటలోనే వ్యాపారి బండి తోలుతున్నాడు. మన తెలుగునాట కార్పొరేట్ విద్యావ్యాపారం ఆరో తరగతి నుంచే ఐఐటి పునాది అంటూ పిల్లలను ర్యాంకుల వారీగా గదుల్లో సర్దుతున్నది. వారం వారం పరీక్ష. మార్కు తగ్గితే కింది సెక్షన్. ప్రభుత్వ బడిలో పదేళ్ళు చదివి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న బీదపిల్లకు ఉచితంగా సీటు ఇచ్చి, రెండేళ్ళ తరువాత ఆమె ఫోటోను పత్రిక మొదటి పుటలో అచ్చువేసుకుంటారు. పదేళ్ళు అక్షరాలు దిద్దించిన ఊరి పంతులమ్మ పేరు ఆ ప్రకటనలో ఎక్కడా వుండదు. ఆ ఫోటో చూసి రుసుము కట్టే వేలాది తల్లిదండ్రుల పిల్లలు ఏ సెక్షన్‌లో కూర్చున్నారో అదీ వుండదు. ప్రతిభ ఇక్కడ సరుకుగా మారింది. ప్రతిభను పిల్లల నుంచి విడదీసి పట్టి చూపించవచ్చునన్న నమ్మకాన్ని ప్రభుత్వమే పాతుకొల్పింది. వ్యాపారి దానికి ధర కట్టాడు.

మూడు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ మనవాళ్ళ నుంచే వస్తుంది. అదే అన్నిటికన్నా బలమైనది. గురుకులాల వల్ల, నవోదయల వల్ల దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలు ఎందరో పైకి వచ్చారు గదా, ఆ నిచ్చెన కూడా లాగేస్తారా అని అడుగుతారు. ఎవరు లాగేయమన్నారు? ఊళ్ళో బడి లేని గూడెం పిల్లకు, వలస కూలీల బిడ్డకు, ఇంట్లో దీపం లేని పిల్లవాడికి వసతి, తిండి, చదువు ఒకచోట దొరకడం హక్కు. ఆ గురుకులాలు వుండాలి, ఇంకా పెరగాలి. మన అభ్యంతరం వాటి గడప దగ్గర కూర్చోబెట్టిన పరీక్ష మీద. వసతి అవసరాన్ని బట్టి ఇవ్వాలి. అవసరమున్నవారు సీట్లకన్నా ఎక్కువగా వుంటే చీటీలు వేయాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి చీటీలు తీస్తున్నారు, ఆకాశం విరిగిపడలేదు. అసలు అన్యాయానికి గురైనవాడు తనకు న్యాయం దక్కాలంటే అసాధారణ ప్రతిభ చూపాలన్న షరతు ఎక్కడిది? భూస్వామి కొడుకు మామూలు తెలివితో బతకవచ్చునట. కూలివాడి కూతురు మేధావి అయితే తప్ప మంచి బడికి తగదట. నిచ్చెన ఒకరిద్దరిని పైకెక్కిస్తుంది. కింద వున్న బురదను మాత్రం తీయదు. పైగా నిచ్చెన ఎక్కినవాణ్ణి చూపించి, బురదలో వున్నవాళ్ళతో ‘మీకు శక్తి లేదు’ అనిపిస్తారు. పాలకవర్గాలకు ఆ నిచ్చెన మీద అంత ప్రేమ దేనికో ఇప్పుడు తెలుస్తుంది.

రెండోది: మామూలు బడిలో చురుకైన పిల్లవాడు మగ్గిపోతాడు గదా? మగ్గిపోతున్నాడు, నిజమే. అందరూ సమానమేనన్న పేరుతో వాణ్ణి మూడు రోజులు ఒకే లెక్క ముందు కూర్చోబెట్టడం సమానత్వం కాదు, సోమరితనం. మన వైపు నుంచి కొందరు ప్రతిభ అన్న మాట ఎత్తితేనే అది ఉన్నతవర్గాల మాయ అని కొట్టిపారేస్తారు. వాళ్ళతో నేను ఏకీభవించను. సంగీతంలో, లెక్కల్లో, యంత్రాల్లో తోటివాళ్ళకన్నా చాలా ముందుండే పిల్లలు వుంటారు. వాళ్ళను పట్టించుకోని బడి వాళ్ళకు అన్యాయం చేస్తుంది; డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఆ లోటు ట్యూషన్ తీరుస్తుంది, బీద పిల్లవాడికి ఎవరూ తీర్చరు. కాబట్టి ఊరి బడిలోనే వాడికి దారి చూపడం మన డిమాండు కావాలి, ఎదుటివాళ్ళకు వదిలేయవలసిన విషయం కాదు.

మూడోది: సోషలిస్టు దేశాల్లో కూడా ప్రత్యేక పాఠశాలలు వుండేవి గదా? వుండేవి. 1963లో మాస్కోలో కొల్మొగొరొవ్ పూనికతో గణిత, భౌతిక శాస్త్రాల వసతి పాఠశాల మొదలయింది. చదువుకున్న కుటుంబాల పిల్లలే అటువంటి బడుల్లో ఎక్కువగా చేరుతున్నారన్న విమర్శ సోవియట్ దేశంలోనే వచ్చింది. సోవియట్ అన్న ముద్ర వున్నంత మాత్రాన జల్లెడ పవిత్రం కాదు. కాని ఆ బడికి మూడు దశాబ్దాల ముందే అక్కడ మరొకటి పుట్టింది: గణిత కూటములు. 1934లో లెనిన్‌గ్రాడ్‌లో, 1935లో మాస్కోలో గణిత ఒలింపియాడ్‌లు మొదలైన రోజుల్లోనే, విశ్వవిద్యాలయపు యువ గణితజ్ఞులు సాయంకాలాలు బడి పిల్లలను పోగుచేసి, పాఠ్యపుస్తకంలో లేని లెక్కలు ఇచ్చి కలిసి ఆలోచించడం నేర్పారు. పిల్లవాడు పగలు తన బడిలో తన స్నేహితులతోనే వుండేవాడు. సాయంత్రం తనకు ఇష్టమైన లెక్కల్లో మునిగేవాడు. మనం అక్కడి నుంచి తెచ్చుకోవలసింది ఆ కూటమిని.

ఊరి బడిలోనే ఎలా?

ఇదంతా వినడానికి బాగుంది, ఆచరణలో ఎలా అంటారు. ఆచరణ మన కళ్ళ ముందే జరిగింది, చూడదలచుకోనివారికి కనబడలేదు.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం ఒకటి మొదలయింది. పిల్లలు సూత్రాలు బట్టీపట్టకుండా, చౌకగా దొరికే వస్తువులతో తామే ప్రయోగాలు చేసి, చూసినది రాసి, వాదించుకుని నిర్ణయానికి వచ్చేవారు. విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఊరి ఉపాధ్యాయులతో కూర్చుని పాఠాలు తయారుచేశారు. తరువాతి కాలంలో ఏకలవ్య సంస్థ దీనిని నడిపింది. అది పదిహేను జిల్లాల్లో వెయ్యి బడుల దాకా పాకింది. పిల్లలను ఏరలేదు, తరగతిలో వున్నవాళ్ళందరికీ ప్రతిభావంతులకు తగిన చదువు చెప్పారు. 2002లో ప్రభుత్వం దానిని ఆపివేసింది. వెయ్యి బడుల్లో పిల్లలు ప్రశ్నించడం నేర్చుకుంటే కలిగే ఇబ్బంది, 80 మందిని ఏరి దూరంగా చదివిస్తే కలగదు.

మన మదనపల్లె దగ్గర చూడండి. రిషివ్యాలీ పాఠశాల డబ్బున్నవారి పిల్లల వసతి పాఠశాల. దాని సంగతి పక్కన పెట్టండి. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో ఒక పద్ధతి రూపుదిద్దుకున్నది. ఒకే గదిలో అనేక తరగతుల పిల్లలు, ఒకే ఉపాధ్యాయుడు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు తయారుచేశారు. ప్రతి పిల్లా తన వేగంతో మెట్లెక్కుతుంది. ముందున్నది వెనుకున్నదానికి చెబుతుంది. ఎవరూ ఎవరి కోసం మూడు రోజులు కూర్చోనక్కరలేదు. ఈ పద్ధతి స్ఫూర్తితోనే తమిళనాడు 2000 తరువాతి దశకంలో తన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటిలో కృత్యాధార బోధన ప్రవేశపెట్టింది. ఉపాధ్యాయుల కొరతకు ఇది సాకుగా మారకూడదు. ఏకోపాధ్యాయ బడిని మనం ఒప్పుకోము. కాని వేగం వేరైన పిల్లలు ఒకే గదిలో చదవలేరన్న వాదనను చిత్తూరు సీమ పల్లెలే అబద్ధం చేశాయి.

ఇంకా పెద్ద నిదర్శనం కావాలంటే ఫిన్లాండ్. అక్కడ కూడా ఒకప్పుడు పిల్లలను పదకొండేళ్ళ దగ్గర రెండు దారుల్లోకి చీల్చేవారు. 1968లో చట్టం చేసి, 1972 నుంచి 1977 దాకా ఉత్తరాది నుంచి దక్షిణానికి ప్రాంతం వెంట ప్రాంతంగా ఉమ్మడి పాఠశాలను నెలకొల్పారు. 1985లో లెక్కల్లో, భాషల్లో మిగిలివున్న స్థాయి విభజనను కూడా తీసేశారు. తెలివి అడుగంటుతుందని అక్కడా కొందరు గోలపెట్టారు. 2000లో అంతర్జాతీయ పిసా పరీక్షల్లో చదవడంలో ఫిన్లాండ్ పిల్లలు మొదటి స్థానంలో నిలిచారు. తరువాతి ఏళ్ళలో ఆ దేశపు మార్కులు తగ్గిన మాట నిజమే, దాని కారణాలు వాళ్ళు వెతుక్కుంటున్నారు. కాని పిల్లలను చీల్చకపోతే ప్రతిభ నశిస్తుందన్న వాదన మాత్రం ఆ రోజుతో చెల్లిపోయింది.

కాబట్టి మనం అడగవలసినవి గాలిలో మేడలు కావు. ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి పది దాకా లెక్కల పీరియడ్ ఒకే గంటలో పెట్టండి. ఆరో తరగతి పిల్ల ఎనిమిదో తరగతి లెక్కలు చేయగలిగితే ఆ గంట అక్కడ కూర్చుంటుంది, గంట కొట్టగానే తన స్నేహితుల దగ్గరికి వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. బీరువాకు వేసిన తాళం తీయండి. పుస్తకం చిరిగితే జీతంలో కోస్తారన్న భయంతో ఏ ఉపాధ్యాయుడూ గ్రంథాలయానికి కాపలాదారు కాకూడదు. నవోదయల, గురుకులాల ప్రయోగశాలలు, గ్రంథాలయాలు, ఆటస్థలాలు శని, ఆదివారాల్లో చుట్టుపక్కల బడుల పిల్లలకు తెరవండి. 1986 హామీ అదే గదా! ప్రతి మండలంలో లెక్కలకు, సైన్సుకు, పాటకు, నాటకానికి, యంత్రాలకు కూటములు పెట్టండి, కోరినవాడెవడైనా రావచ్చు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రత్యేకాసక్తి గల పిల్లల కోసం బడుల్లో, జిల్లాల్లో ఇటువంటి బృందాలు వుండాలన్నది. కాగితం మీది మాటకు నిధులు అడుగుదాం. చురుకైన పిల్లవాణ్ణి, వెనుకబడిన పిల్లవాణ్ణి ఒకే గదిలో చదివించే నేర్పును ఉపాధ్యాయ శిక్షణలో ముఖ్యపాఠం చేయండి. అన్నిటికన్నా ముందు ప్రతి తరగతికీ ఒక ఉపాధ్యాయుణ్ణి ఇవ్వండి.

డబ్బు ఎక్కడిది అంటారు. జాతీయాదాయంలో నూటికి ఆరు వంతులు విద్యకు ఖర్చుపెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 1968లో ఒప్పుకున్నారు, 1986లో ఒప్పుకున్నారు, 2020లో మళ్ళీ ఒప్పుకున్నారు. ఒక్క ఏడూ ఇవ్వలేదు. ఇవ్వకుండా దాటవేయడానికి దొరికిన ఉపాయాల్లో ఆదర్శ పాఠశాల ఒకటి. ఒక బడికి సున్నం కొట్టి ఫోటో తీయించుకోవడం వంద బడులు కట్టడం కన్నా చౌక.

ఉపాధ్యాయ సంఘాల మిత్రులు తమ కోరికల పట్టికల్లో జీతభత్యాల పక్కనే ఈ కోరికలనూ రాయాలి. విద్యార్థి సంఘాలవారు సీట్లు పెంచాలని మాత్రమే ధర్నా చేస్తే చాలదు. తొమ్మిదేళ్ళ పిల్లల మీద పెట్టిన ఆ ప్రవేశ పరీక్షను రద్దుచేయాలని అడగాలి. కళాశాలల్లో లెక్కలు, సైన్సు చదివే యువకులు తమ ఊరి బడిలో వారానికి ఒక సాయంకాలం కూటమి నడపవచ్చు. దానికి ఏ జీవో అవసరం లేదు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు 1988 నుంచి పల్లెల్లో సైన్సును పిల్లల దగ్గరికి మోస్తున్నాయి. ఆ పనికి చేతులు కలపాలి. ఇక రేపు బడి తెరిచినప్పుడు ప్రవేశ పరీక్షకు పంపవలసినవాళ్ళ పేర్లు అడుగుతూ పైనుంచి కాగితం వస్తుంది. ఆ కాగితంలో ఒక్క పేరు రాసే ముందు, తరగతిలో వున్న నలభై మందీ దేనిలో ముందున్నారో, దేనికి ఆకలిగొని వున్నారో నలభై పేర్లూ రాసి, ఈ బడికి ఇవి కావాలని పైకి తిరిగి పంపండి. జవాబు చెప్పవలసిన వంతు వాళ్ళది.